చూచినవారెవరు?

2018 మే మొదట్లో, పిల్లల నెత్తుకుపోయే ముఠా దిగిందని తిరుత్తంగల్‌లో మా యింటి ఫోనుకు వాట్సాప్‌లో వార్త వచ్చింది. వెంటనే పదకొండుమంది బంధువులకు పంపినాను. ఆఫీసులో సంతకం లేని కాగితాన్ని పై అధికారికి పంపనివాణ్ణి సుమండీ!

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి మాత్రం, "చూచినవారెవరు నాయనా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఆ నెలలోనే తిరువణ్ణామలై జిల్లాలో, గుడికని వచ్చి పిల్లలకు చాక్లెట్లిచ్చిన ముసలమ్మను, ఇటువంటి వదంతి నమ్మిన జనం కొట్టి చంపినారు. పేపరు చదివిన నాకు ఆ పూట ముద్ద దిగలేదు. మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేమారు 5 చోట్లకు మించి పంపకుండా వాట్సాప్‌వారు హద్దు పెట్టింది ఆ తరువాత, జూలైలో.

పదకొండుమందికీ ఫోను చేసి, "అబద్ధం, చెరిపివేయండి" అని చెప్పుకొన్నాను. సాత్తూరు పిన్ని అప్పటికే తన వీధికంతా పంపివేసిందట.