చేవెళ్ళ దారిలో నడక పాఠం

పిల్లలూ! హైదరాబాదు నుంచి పడమరగా వికారాబాదు వైపు పోయే రోడ్డు మీద మొదట మొయినాబాదు, ఆ తరవాత చేవెళ్ళ వస్తాయి. చేవెళ్ళకు సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారి పొడవునా వందలకొద్దీ పాత మర్రిచెట్లున్నాయి. వాటి ఊడలను చూడండి. ఊడ దిగి నేలలో వేళ్ళు పట్టిందంటే, బరువైన కొమ్మకు అదే ఊతకర్ర అవుతుంది.

మొయినాబాదు మండలంలోనే చిలుకూరు ఉన్నది. అక్కడి బాలాజీ గుడిలో భక్తులు కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరితే మళ్ళీ వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా గళ్ళ చీటీ పట్టుకుని, చుట్టుకొక గడి కొట్టేస్తూ నడుస్తారు. "ఇప్పుడు కుడికాలు వెయ్యాలి, ఇప్పుడు ఎడమకాలు వెయ్యాలి" అని ఒక్కరూ అనుకోరు. ఆ సంగతి మెదడూ, వెన్నుపామూ చూసుకుంటాయి.

కాని పక్షవాతం వచ్చినవారి మాట ఏమిటి? మెదడులోని రక్తనాళానికి గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా అక్కడి కణాలు చచ్చిపోతాయి. మెదడులో ఎడమపక్క దెబ్బతింటే కుడికాలూ, కుడిచెయ్యీ పడిపోతాయి. ఈ ప్రాంతంలో కూరగాయల తోటలూ, పూలతోటలూ ఎక్కువ. నిన్నటిదాకా తోటలో తిరిగిన తాత ఇవాళ మంచం దిగలేడు. కాలికి దెబ్బ తగలలేదు. దానికి మెదడు ఆజ్ఞ అందటం లేదు, అంతే.

చచ్చిన కణాలు తిరిగి రావు. అయితే మిగిలిన మెదడు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలదు. ఎట్లా? మీరు ఎక్కాలు నేర్చినట్టే, మళ్ళీ మళ్ళీ చేసి! వందల అడుగులు వెయ్యాలి. నిలబడలేని మనిషి చేత అన్ని అడుగులు వేయించాలంటే, పట్టుకున్నవారే అలిసిపోతారు.

అందుకే రోబో వచ్చింది. రోగి నడుముకు పట్టీలు కట్టి, బరువు కొంత పైనుంచి మోస్తారు. కాళ్ళకు తొడిగిన మర తుంటినీ, మోకాలినీ సరిగా వంచుతుంది. కింద పట్టా కదులుతుంది. రోగి బలం పుంజుకున్నకొద్దీ మర సాయం తగ్గిస్తారు. స్విట్జర్లాండు వారి లోకోమాట్ ఇలాంటిదే. మన దేశంలో తిరువనంతపురానికి చెందిన జెన్‌రోబోటిక్స్ వారు జి-గైటర్ తయారుచేశారు. మురుగు గుంటలను శుభ్రంచేసే బాండికూట్ రోబోను చేసినదీ వారే!

అయితే ఒక్క మర చాలదు. పక్కన ఫిజియోథెరపిస్టు ఉండాలి, మామూలు వ్యాయామమూ చెయ్యాలి. రెండూ కలిస్తే, సొంతంగా నడవలేని స్థితిలో మొదటి మూడు నెలలలోపు మొదలుపెట్టినవారికి ఎక్కువ మేలు జరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఎంత మంచి మర అయినా ఊడ వంటిదే; చిగురించవలసింది కొమ్మే.

మీరు చేయగల పని కూడా ఉన్నది. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. 2005లో హైదరాబాదులో మొదలైన అంబులెన్సు అది. చిలుకూరు ప్రదక్షిణల లెక్కే గనక మరిచిపోరు! గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపునే పడాలి. తెల్లవారనిద్దామనీ, పసరు పోయిద్దామనీ ఆలస్యం చెయ్యనివ్వకండి. నోట్లో ఏమీ పొయ్యనివ్వకండి.

తాత ఇంటికి తిరిగి వచ్చాక ఆయనకూ ఒక గళ్ళ చీటీ తయారుచెయ్యండి. ఆయన నడిచిన ప్రతి పది అడుగులకూ ఒక గడి మీరే కొట్టెయ్యండి.