పై అంతస్తు ఖాళీ చేస్తే

ఆగస్టు 24, 2024, శనివారం. విజయవాడ

మా సీఏ ఆఫీసున్న బిల్డింగు ఓనరు గారు కొత్త అగ్రిమెంటు పంపారు. పాతది సెప్టెంబరు నెలాఖరుతో అయిపోతుంది. రెండు అంతస్తులకీ అద్దె పెంచాలట. గవర్నర్‌పేటలో ఆయన అడిగింది అన్యాయమేమీ కాదు. కాగితం చూసి మా పార్ట్‌నర్ ఒకటే మాటన్నాడు: "అసలు మనకి ఆఫీసెందుకు సార్?"

లెక్క కూడా వేసుకునే వచ్చాడు. అద్దె, దాని మీద జీఎస్టీ, కరెంటు బిల్లు, జనరేటరుకి డీజిలు, ఏసీల సర్వీసింగు. కోవిడ్ నాటి నుంచి సగం మంది స్టాఫ్ ఎలాగూ ఇళ్ల నుంచే చేస్తున్నారు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ సర్వర్లో ఉంది, ఎవరెక్కడి నుంచైనా అందుకుంటారు. మిగతా సగాన్ని కూడా పంపేస్తే పోయేదేమిటని అతని వాదన.

కొట్టిపారేసే మాట కాదు. తీరిగ్గా ఆలోచించాలి.

ఆగస్టు 27, మంగళవారం

ముందు లాభం వైపు. మా భీమవరం అమ్మాయి సంగతే చాలు. భర్త ఉద్యోగం అక్కడికి మారితే 2021లో రాజీనామా పట్టుకొచ్చింది. కాగితం తీసుకోకుండా లాప్‌టాప్ ఇచ్చి పంపాం. వన్‌టౌన్ వస్త్రలతలో మా బట్టల షావుకార్ల లెక్కలన్నీ ఆమెవే. ఎవరు పదో తారీఖు రాత్రి దాకా బిల్లులివ్వరో, ఎవరు సూరత్ సరుకు వాపసు పంపి క్రెడిట్ నోట్ సంగతి మరిచిపోతారో ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. అనుభవం ఉన్న మనిషి మానేయకుండా ఉండటం పెద్ద ఆదాయం. పార్ట్‌నర్ వేసిన లెక్కలో అది లేనే లేదు.

ఈ జూన్‌లో 'నేచర్' పత్రికలో నికొలస్ బ్లూమ్ బృందం చెప్పింది కూడా దాదాపు ఇదే. చైనాలో ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మందిని తీసుకుని, కొందరికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చి చూశారు. వాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. పనితీరులో, ప్రమోషన్లలో తేడా ఏమీ లేదు. ముందు పెదవి విరిచిన మేనేజర్లు కూడా తర్వాత మనసు మార్చుకున్నారు. అయితే ఓటీపీ చెప్పమని షావుకారుని బతిమాలుకునే పని ఆ కంపెనీలో ఉండదనుకుంటాను.

ఇక రెండో వైపు. మా పనిలో సగం ఇంకా వస్తువులే. షావుకార్లు బిల్లులు సంచుల్లో తెస్తారు. డిజిటల్ సంతకాల టోకెన్లు బీరువాలో ఉంటాయి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఇవన్నీ ఎవరింట్లో పెడతాం? క్లయింట్ల పాస్‌వర్డులున్న లాప్‌టాప్‌లో పిల్లలు గేములాడకుండా ఎవరు చూస్తారు? వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిరుడు వచ్చింది. నిబంధనలు ఇంకా రాలేదు, అవీ వస్తాయి.

అన్నిటికన్నా నన్ను ఆపేది మా దగ్గర సీఏ శిక్షణకి వచ్చే ఆర్టికల్స్ కుర్రాళ్లు. కొత్త పద్ధతిలో, 2023 జూలై నుంచి, వాళ్ల శిక్షణ మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. ఆ రెండేళ్లలో వాళ్లు నేర్చుకునేది ఎక్కువగా పక్క టేబుల్ మాటలు విని. నోటీసు పట్టుకుని కంగారుగా వచ్చిన ఆటోనగర్ ఆసామిని సీనియర్ మొదట ఏం అడిగాడు, ఏ కాగితం చూడకుండా జవాబివ్వనన్నాడు, ఇవన్నీ ఎవరూ పాఠంగా చెప్పరు. వాట్సాప్‌లో అడిగితే సీనియర్ జవాబిస్తాడు, కాదనను. ఏం అడగాలో తెలియని కుర్రాడు ఏం అడుగుతాడు?

సెప్టెంబరు 1, ఆదివారం

నిన్నంతా వాన. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. ఈ ఉదయం బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. మా సీనియర్ అకౌంటెంట్ ఇల్లు అక్కడే, కింది వాటా. "నీళ్లు గుమ్మం దాటాయి సార్, లాప్‌టాప్ పై వాళ్లింట్లో పెట్టాను" అని మెసేజ్ పెట్టింది. తర్వాత ఫోన్ కలవలేదు.

సెప్టెంబరు 4, బుధవారం

ఆఫీసు పొడిగా ఉంది. కరెంటుంది, నెట్ ఉంది, మనుషులు లేరు. సింగ్‌నగర్, పాయకాపురం, భవానీపురం, మా వాళ్లలో ఎక్కువమంది ఇళ్లు అటే. ఆ కాలనీల్లో కరెంటు లేదు. పైకప్పుల మీద ఉన్నవాళ్లకి డ్రోన్లతో ఆహార పొట్లాలు వేస్తున్నారు.

ఇంటి నుంచి పని చేస్తే ఏ ఆపదొచ్చినా వ్యాపారం ఆగదని 2020లో అందరం నమ్మాం. అప్పుడు వీధి ప్రమాదం, ఇల్లు క్షేమం. ఇప్పుడు ఇల్లే మునిగింది. ఆగస్టు నెల జీఎస్టీఆర్-1 గడువు 11వ తారీఖు. భీమవరం నుంచి ఆ అమ్మాయి తనే ఫోన్ చేసి, సింగ్‌నగర్ ఆమె ఖాతాలు కూడా తనకే అప్పగించమంది. సర్వర్ ఇక్కడ, మనిషి అక్కడ, పని సాగుతోంది. ఇంటి నుంచి చేయడం కాదు మమ్మల్ని కాపాడింది, వేరే ఊళ్లో ఒక మనిషి ఉండటం. అందరూ ఒకే ఊళ్లో ఇళ్ల నుంచి పనిచేస్తే ఆపద ఒకచోటే పోగుపడినట్టు.

సెప్టెంబరు 9, సోమవారం

బుడమేరు గట్టుకి పడ్డ గండ్లు వినాయక చవితి నాటికి పూడ్చారు. సింగ్‌నగర్ ఆమె పిల్లలతో తెనాలిలో అక్కగారింట్లో ఉంది. ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. మేమిచ్చిన మానిటరు, యూపీఎస్ కూడా. ఫోన్లో మొదట అడిగింది రిటర్న్‌ల గురించి. "ముందు మీ సంగతి చూసుకోమ్మా" అన్నాను.

ఇన్సూరెన్సు పాలసీ తీసి చూశాను. వరద నష్టం కవర్ అవుతుందనే ఉంది, కానీ గవర్నర్‌పేట చిరునామాలో ఉన్న సామానుకే. ఫైర్ పాలసీ చిరునామాకి కట్టుబడి ఉంటుంది. సామాను ఇంటికి పంపితే రక్షణ దాని వెంట పోదు, వేరే పాలసీ తీసుకోవాలి. సామాన్లు ఇళ్లకి పంపిన సంస్థల్లో ఎందరు ఈ పేజీ తిప్పి చూశారో!

పార్ట్‌నర్ లెక్కని మళ్లీ తీశాను. ఆఫీసులో తగ్గే కరెంటు సింగ్‌నగర్ ఆమె మీటరులో పెరుగుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఆమె కొనుక్కుంది. రెండు గదుల ఇంట్లో ఒక గది పగలంతా మాది. పిల్లలు వంటింట్లో చదువుకున్నారు. దీన్ని ఖర్చు తగ్గడం అనరు, ఖర్చు ఇంకొకరి పుస్తకంలోకి మార్చడం అంటారు. ఏ క్లయింటైనా నా దగ్గరికి ఇలాంటి లెక్క తెస్తే ఆడిట్‌లో ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి.

సెప్టెంబరు 17, మంగళవారం

అమెజాన్ వచ్చే జనవరి నుంచి వారంలో ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మందని వార్త. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో వాళ్లది 15 వేల మంది పట్టే సొంత క్యాంపస్, 2019లో తెరిచారు. టీసీఎస్ 2020లో, 2025 నాటికి పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలంది, నిరుడు ఐదు రోజులూ రమ్మంది. సొంత భవనాలున్నవాడు రమ్మంటాడు, అద్దె కట్టేవాడు ఇంట్లో ఉండమంటాడు. ఇద్దరూ చెప్పేది మాత్రం ఉద్యోగుల మేలు గురించే!

సెప్టెంబరు 30, సోమవారం

ట్యాక్స్ ఆడిట్ గడువు అక్టోబరు 7కి పొడిగించారు. ఆ ఊపిరితో సాయంత్రం అగ్రిమెంటు మీద సంతకం చేశాను. కింది అంతస్తు ఒక్కటే.

ఆర్టికల్స్ రోజూ రావాలి. వాళ్లు ఒంటరిగా కూర్చోకుండా ఒక సీనియరైనా వంతులవారీగా ఆఫీసులో ఉండాలి. మిగతావాళ్లు వారంలో రెండు రోజులు వస్తే చాలు. భీమవరం అమ్మాయి రానక్కర్లేదు. టోకెన్లు, బిల్లు సంచులు ఆఫీసు దాటవు. ప్రతి పెద్ద ఖాతా గురించి వేరే ఊళ్లో ఉన్న ఒకరికి కూడా తెలిసి ఉండాలి.

పై అంతస్తు అద్దె మిగిలింది కదా, పంచుకుందామా అన్నాడు పార్ట్‌నర్. లెడ్జర్‌లో కొత్త పద్దు తెరిచి చూపించాను: ఇంటి పని ఖర్చులు. ఇంటర్నెట్, కరెంటులో వాటా, ఇన్వర్టర్లు, లాప్‌టాప్‌లకి విడి ఇన్సూరెన్సు. మొదటి ఎంట్రీ సింగ్‌నగర్ ఇంటికి కొత్త బ్యాటరీ. ఇవన్నీ పోగా మిగిలేది పై అంతస్తు అద్దెలో సగం కన్నా తక్కువే.