పత్తి రేటు ఎంత పెరిగినట్టు?

శాతం లెక్క ఎక్సెల్‌లో అర నిమిషం పని. పొడుగు పింజ పత్తి మద్దతు ధర 2022-23లో క్వింటాలుకు రూ.6,380. ఆ తర్వాత ఏటేటా 7,020, 7,521, 8,110. వీటిని ఒకదాని కింద ఒకటి కొట్టాను. పక్క కాలమ్‌లో రెండో ఏడు దగ్గర ఫార్ములా పెట్టాలి: కొత్త ధరలోంచి పాతది తీసేసి, పాతదాంతోనే భాగించడం. సెల్ మూలన ఉండే చిన్న చుక్కను కిందికి లాగితే ప్రతి వరుసా తన పైదాంతో పోల్చుకుంటుంది. పర్సెంట్ బటన్ నొక్కి, దశాంశ స్థానాలు రెండుకు పెంచితే 10.03, 7.14, 7.83. వందతో గుణించే పని కూడా లేదు.

ఆదిలాబాద్ పత్తి రైతు మా బాపు. స్క్రీన్ చూసి, "మరి తేమ ఏడ వెట్టినవ్ రా?" అన్నాడు.

నిజమే. 8 శాతం తేమ దాకే సీసీఐ పూర్తి ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. ఇంకో కాలమ్ కలిపాను. తేమ 12 ఉంటే 8,110 కాస్తా 7,785.60. నిరుటి పొడి పత్తి ధరతో పోలిస్తే పెరిగింది 3.52 శాతమే!

"ఎండవెడితే తూకం పోదా?" అన్నాడు మళ్లీ. పోతుంది, కోతకు దాదాపు సరిపడా. కాబట్టి అసలు భయం 12 దగ్గరే. అది దాటితే సీసీఐ కొనదు, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు.

మొంథా తుఫాను వానల తర్వాత మా పత్తి ఇంకా వాకిట్లో ఆరుతోంది. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ శుక్రవారానికి దొరికింది.