నీరు కాచిన అయ్యనారు చెంత

రాజపాళయానికి పడమట సుమారు 10 కిలోమీటర్ల దూరాన, కొండల అడుగున, ఏటి ఒడ్డున అయ్యనారు కోవెల ఉన్నది. తమిళులు ఈ స్వామిని ‘నీర్కాత్త అయ్యనార్’ అంటారు. నీటిని కాచిన అయ్యనారు అని అర్థం. మొన్న కార్తీకమాసంలో మేము నాలుగు కుటుంబాలవారము పిల్లలతో సహా అక్కడికి వనభోజనానికి బయలుదేరినాము.

ముడంగియారు రోడ్డు వెంట మామిడి తోటలు, కొబ్బరి తోటలు. అవి దాటితే ఊరికి తాగునీరిచ్చే ఆరవమైలు జలాశయం. గాలి లేదు, కొండలు తలక్రిందులుగా నీటిలో కనబడుతున్నవి. పిల్లలు కారు ఆపించినారు.

మాలో ఒక కుర్రవాడు అమెరికాలో పెరిగినవాడు. అక్కడి నదీతీరపు పార్కులకు ఎవరి పడవ వారే కారుపైన కట్టి తెచ్చుకొని, నీట దింపి, చప్పుడు లేకుండా తిరిగి వస్తారట. కయాక్ అనేది ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూయిట్ జనులు సీల్ చర్మం కప్పి వేటకోసం చేసుకొన్న పడవ. దాని తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటవి. కనూ తెడ్డుకు ఒకటే రెక్క. మన దోనెకు అది దగ్గరి చుట్టమనవచ్చు. విజయనగర ప్రభువుల కాలాన తెలుగుదేశం విడిచి ఇటు వచ్చిన రాజుల సంతతివారు ఈ ఊళ్ళో నేటికీ ఇంట తెలుగే మాట్లాడుతారు. భాష వెంట వచ్చినది గాని, పడవ సాగే గోదావరి రాలేదు గదా!

“తాతా, ఇక్కడ పడవ వేయకూడదా?” అన్నాడు కుర్రవాడు.

“ఈ నీళ్ళే రేపు మన బిందెలోకి వస్తాయిరా. తాగే నీళ్ళలో ఆటలేమిటి?” అన్నారు పెద్దాయన.

వాడు మారు మాటాడలేదు. మాకూ ఆ మాటే సబబని తోచినది. పడవ ముచ్చట తీరవలెనంటే కుర్తాళం ఉండనే ఉన్నది. సీజనులో అక్కడి చెరువులో తెడ్డు పడవలు, తొక్కుడు పడవలు నడుపుతారు.

జలాశయం దాటి కొంతదూరం పోతే అడవి. 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి, 2021 నుండి శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల రక్షితప్రాంతంలో భాగం. ఏరు బండల నడుమ మోకాలిలోతున పారుతున్నది. చూడడానికి సాధువే గాని, పైన కొండలమీద వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే పొంగివస్తుంది. ఏరు దాటి కోవెలకు పోయినవారు తిరిగి రాలేక అవతలి గట్టున చిక్కుకొనుట పలుమార్లు జరిగినది. అందుచేత వరద ఉన్నప్పుడు అటవీశాఖవారు ఎవరినీ పోనివ్వరు. ఇంతదూరం వచ్చినామే అని వారితో తగవులాడేవారు లేకపోలేదు. పిల్లలను వెంటబెట్టుకొని కూడా వాదించేవారిని ఏమనవలెనో తెలియదు.

ఆనాడు నీరు తేటగానే ఉన్నది. దర్శనం చేసుకొని, పులిహోర, పెరుగన్నం తిని, విస్తళ్ళన్నీ సంచిలో కట్టుకొన్నాము. అప్పుడు ఏటిమీదికి వంగిన చెట్టుపైన, తనకంటె పొడుగైన తోకతో ఒక పెద్ద ఉడుత కనబడినది. కుర్రవాడు ఫోను తీసేలోగా అవతలి గట్టు చెట్టుమీదికి దూకి ఆకులలో కలిసిపోయినది.