బువ్వ తినవే.. బుజ్జి పామూ!

పసిపిల్లలు అన్నం తినకపోతే చందమామను చూపించవచ్చు. పాము పిల్ల తిననంటే..? బల్లిని వెతకాలి!

కుడివైపు సముద్రం. ఎడమవైపూ సముద్రమే. మధ్యలో తారురోడ్డు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం దక్షిణపు కొసన, దీవి నుంచి దీవికి దూకుతున్నట్టుగా సాగే ఈ దారి పేరు ఓవర్సీస్‌ హైవే. 1938లో మొదలైంది. పొడవు 180 కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడవునా 42 వంతెనలు. అందులో ఒక్కదాని పొడవే దాదాపు ఏడు మైళ్లు! ఈ దీవుల దండే ఫ్లోరిడా కీస్‌. పర్యటకులు ఇక్కడికి పగడపు దిబ్బల్నీ, పెద్ద కుక్కంత ఎత్తుండే బుల్లి జింకల్నీ, కీవెస్ట్‌లో రచయిత హెమింగ్వే నివసించిన ఇంటినీ చూడ్డానికి వస్తారు. పాముల్ని పెంచేవాళ్లకి మాత్రం ఈ దీవుల పేరు చెబితే మరోటి గుర్తొస్తుంది. అదే.. తిండి ముట్టని పాము పిల్లల మంకుపట్టు!

కంకి లాంటి పాము

ఆ పాము పేరు కార్న్‌ స్నేక్‌. అంటే మొక్కజొన్న పాము. పొట్టమీది నలుపు తెలుపు గళ్లు రంగురంగుల కంకి గింజల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందంటారు కొందరు. ఎలుకల కోసం మొక్కజొన్న గాదెల చుట్టూ తిరుగుతుంది కాబట్టి అంటారు ఇంకొందరు. నారింజ రంగు ఒంటిమీద ఎర్రని మచ్చలతో చూడముచ్చటగా ఉంటుంది. విషం లేదు. నెమ్మదైన పాము. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు దీని పుట్టిల్లు. అక్కడ మొదటిసారి పామును పెంచాలనుకునేవాళ్లు చాలామంది దీన్నే ఎంచుకుంటారు. పెద్ద పాముతో పేచీ లేదు. వారానికో పదిరోజులకో ఓ ఎలుక వేస్తే చాలు. చిక్కంతా పిల్లలతోనే.

గుడ్డు పెట్టిన రెండు నెలలకు పిల్ల బయటికొస్తుంది. పెన్సిలంత లావు, జానెడుకు కాస్త ఎక్కువ పొడవు. బరువు పది గ్రాములు కూడా ఉండదు. ఒంట్లో మిగిలిన పచ్చసొనే మొదటి వారం దాని ఆహారం. ఏడు నుంచి పది రోజులకు తొలి కుబుసం విడుస్తుంది. అప్పుడు పెడతారు మొదటి ముద్ద.. కళ్లు తెరవని, వెంట్రుకలు రాని ఎలుక పిల్లని. ఫ్రీజర్‌లోంచి తీసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మరీ అందిస్తారు. చాలా పిల్లలు గుటుక్కున మింగేస్తాయి. కొన్ని మాత్రం తల తిప్పేసుకుంటాయి. తోక ఆడిస్తూ బుసకొడతాయి. వారం తర్వాత పెట్టినా అంతే!

నాలుక మర్చిపోలేదు

ఎందుకీ అలక? కీస్‌ దీవుల్లో ఏ కంచె మీద చూసినా, ఏ చెట్టు మొదట్లో చూసినా అనోల్‌ అనే చిన్న బల్లులు కనిపిస్తాయి. మన తొండలా తల ఆడిస్తూ, గొంతు కింది ఎర్రటి తిత్తిని విసనకర్రలా విప్పుతుంటాయి. ఆకుపచ్చవి అక్కడివే. గోధుమరంగువి క్యూబా, బహమాస్‌ల నుంచి వచ్చి స్థిరపడ్డాయి. అడవిలో కార్న్‌ స్నేక్‌ పిల్లల తిండి ఎక్కువగా ఇలాంటి బల్లులూ, చెట్టుకప్పలే. కీస్‌ పాముల సంతతికి ఈ రుచి మరీ ఎక్కువన్నది పెంపకందార్ల అనుభవం.

పాముకి నాలుకే ముక్కు. గాలిలోని వాసనను నాలుకతో అందుకుని, అంగిట్లోని జాకబ్సన్‌ అవయవానికి చేరవేస్తుంది. అప్పుడే పుట్టి, ఇంకా ఏమీ తినని గార్టర్‌ పాము పిల్లలు కూడా తమ జాతి తినే జీవుల వాసన పూసిన దూదిని కాటేయబోతాయని 1960ల్లో గోర్డన్‌ బర్గార్ట్‌ ప్రయోగాలు తేల్చాయి. కాలిఫోర్నియా తీరంలో పుట్టిన గార్టర్‌ పాము పిల్లలు నత్తజాతి స్లగ్‌లను ఇష్టంగా తింటే, లోపలి ప్రాంతాల పిల్లలు వాటిని ముట్టవని స్టీవన్‌ ఆర్నాల్డ్‌ చూపించారు. అంటే ఊరి రుచి పుట్టుకతోనే వస్తుందన్నమాట! కీస్‌ సంతతి పిల్ల ఎక్కడో ఓ ప్లాస్టిక్‌ డబ్బాలో పుట్టి ఉండొచ్చు. ఆ దీవిని అది చూడనే లేదు. నాలుక మాత్రం మర్చిపోలేదు.

బుజ్జగింపులు ఇలా..

కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడి గంటకోసారి మూత తీసి చూస్తారు. చేతిలోకి తీసుకుంటారు. బెదిరిన పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు చేసేది ఏమీ చేయకపోవడమే! చిన్న డబ్బా, దాక్కోవడానికో చోటు, ఓ పక్క 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, గిన్నెలో నీళ్లు. రాత్రి ఎలుక పిల్లను పెట్టి, చీకటి చేసి వెళ్లిపోతారు. తినకపోతే ఐదారు రోజులు ఆగి మళ్లీ.

అప్పటికీ ముట్టకపోతే ఎలుక పిల్లను కడిగి, దాని వాసన పోగొట్టి, అనోల్‌కి రుద్ది పెడతారు. బల్లి పరిమళానికి మోసపోయి మింగేసిందా.. గెలిచినట్టే! తర్వాత ప్రతిసారీ ఆ వాసన కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే నాలుగైదు భోజనాలకు మామూలు ఎలుకకు అలవాటు పడుతుంది. బల్లినే ఆహారంగా వేయొచ్చుగా అంటే, బయట పట్టినవాటి ఒంట్లో పరాన్నజీవులు ఉండొచ్చు. కొన్ని పిల్లల కోసం ఎలుక తలపై చిన్న గాటు పెడతారు. ఆ వాసనకి నోరూరుతుంది. నోరు తెరిచి బలవంతంగా కుక్కడం ఆఖరి మార్గం. అదీ చేయి తిరిగినవాళ్లో, పశువైద్యులో చేయాల్సిందే. తొందరపడితే లేత దవడ దెబ్బతింటుంది. ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడో చెప్పేది గ్రాముల తక్కెడ. బరువు నిలకడగా ఉంటే ఆగొచ్చు. వారం వారం తరుగుతుంటే ఇక ఆగకూడదు.

ఇంత చేసినా కొన్ని దక్కవు. అడవిలోనూ అన్నీ బతకవు. మొండికేసే సంతతి నుంచి మళ్లీ పిల్లల్ని తీయకూడదని నియమం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. నిజానికి పాములు పాలు తాగే జీవులు కావు. దాహంతో అల్లాడుతుంటే తాగినా అరిగించుకోలేవు. పైగా నాగుపాము, కొండచిలువ లాంటివాటిని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటి బువ్వ సంగతి పొలం గట్లే చూసుకుంటాయి. గట్టు మీద తొండనీ, పొలంలో ఎలుకనీ ఉండనిస్తే చాలు!