కోయకుంట ఎక్కువ పైసలా?

బెర్నూలీ సమీకరణం పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరాదని మా మెకానికల్ సెకండియర్ బెంచీలన్నిటి ఏకాభిప్రాయం. అదే సమీకరణం మొన్న మా నానమ్మ ఎకో రిపోర్టులో కనిపించింది. గుండె నుంచి బయటికెళ్లే దారిలో రక్తం సెకనుకు 4.4 మీటర్ల వేగంతో దూకుతోందట. ఆ వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే వాల్వ్‌కి అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా వచ్చేస్తుంది: సుమారు 77 మిల్లీమీటర్ల పాదరసం. వేగం 4 చేరితేనే తీవ్రమైనదంటారు. మూడు, నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన అయోర్టిక్ వాల్వ్, సున్నం పేరుకుని ఒక్కటి కూడా తెరుచుకోవట్లేదు. షాద్‌నగర్ కూరగాయల మార్కెట్ నుంచి ఇంటికొచ్చేలోపు ఆమె మూడుచోట్ల ఎందుకు కూర్చునేదో అప్పుడర్థమైంది.

హైదరాబాద్ డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. ఒకటి ఆపరేషన్. రొమ్ము ఎముక కోసి, గుండెను కాసేపు ఆపి, రక్తాన్ని మెషిన్ తిప్పుతుండగా పాత వాల్వ్ తీసేసి కొత్తది కుట్టడం. ఎముక అతకడానికి రెండు, మూడు నెలలు. రెండోది టావీ. తొడ దగ్గరి ధమనిలోంచి మడిచిన వాల్వ్‌ని పైకి పంపిస్తారు. పాతదాన్ని తీయరు, గోడకు అదిమేసి దాని లోపలే కొత్తది విప్పుతారు. బెలూన్‌తో విప్పే రకమైతే ఆ క్షణంలో గుండెను కావాలని నిమిషానికి 180 దాకా పరిగెత్తిస్తారు, లేకపోతే రక్తం తోపుకి బెలూనే కొట్టుకుపోతుంది! ఇది విన్నప్పుడు భయం మర్చిపోయి ముచ్చటపడ్డాను. 2002లో ఫ్రాన్స్‌లోని రూఆఁలో అలాఁ క్రిబియే మొదటిసారి ఒక మనిషికి ఇలా చేశాడు.

కుట్టే వాల్వ్‌లలోనూ మనవాళ్ల చెయ్యుంది. 1960లో డాక్టర్ ఆల్బర్ట్ స్టార్ అమర్చిన బంతి వాల్వ్ చేసింది లోవెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైర్డ్ ఇంజినీరు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన చిత్రా వాల్వ్‌ని 1990 డిసెంబర్‌లో మొదటిసారి అమర్చారు. కాకపోతే అలాంటి లోహపు వాల్వ్‌లకి జీవితాంతం రక్తం పలచబడే మందు, తరచూ రక్తపరీక్ష, ఆకుకూరల మీద లెక్క. గోంగూరకి లెక్కేంటని నానమ్మ అక్కడే కొట్టేసింది. మిగిలింది జంతువు పొరతో చేసిన వాల్వ్. "ఆవుదా, బర్రెదా?" అనడిగింది. ఆవుదని చెబితే కాసేపు గోడకేసి చూసి, "పాపం" అంది. అంతే.

మా నాయిన టావీ అన్నాడు. మాకు చెప్పిన ఖర్చు పదిహేను లక్షల పైనే. బైపాస్ పక్కనున్న ప్లాటు అమ్ముదామన్నాడు.

"ఏం బిడ్డా, కోస్తె తక్కువ, కోయకుంట ఎక్కువ పైసలా?" అంది నానమ్మ నాతో.

నవ్వొచ్చింది గానీ ప్రశ్న సరైనదే. ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. డబ్బు పక్కన పెట్టినా లెక్క తేలిక కాలేదు. తక్కువ రిస్కున్న వాళ్లలో కూడా మొదటి ఏళ్లలో టావీ ఆపరేషన్‌కి తీసిపోదని 2019లో రెండు పెద్ద పరీక్షలు చూపాయి. కానీ టావీ తర్వాత పేస్‌మేకర్ అవసరం పడే అవకాశం ఎక్కువ. అమెరికా మార్గదర్శకాలు 65 లోపైతే ఆపరేషన్, 80 దాటితే టావీ అంటాయి. మధ్యలో రోగితో కూర్చుని తేల్చుకోమంటాయి. నానమ్మకి 69. ఎనభై ఏళ్లామె అయ్యుంటే ప్లాటు అమ్మమని నేనే గొడవపడేదాన్ని. ఈమెకి మాత్రం ఆపరేషనే సరైందనిపించింది, అదే చెప్పాను. నాయిన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి నానమ్మే తేల్చింది. "ప్లాటు పిల్ల సదువుకి. నన్ను కోయమను."

ఆపరేషనై ఏడో వారం. ఎముకని కట్టిన స్టీలు తీగలు ఎక్స్‌రేలో వరసగా ముడులేసినట్టు కనిపిస్తాయి. బిందె ఎత్తొద్దన్నారు కాబట్టి చెంబుతో మోస్తోంది, రోజుకి ఎన్ని చెంబులో నేను అడగట్లేదు. నాయిన ఇంకా అప్పుడప్పుడు ప్లాటు రేటు కనుక్కుంటూనే ఉన్నాడు.