కొత్త కారుకి పాత మొహం

ఏమండోయ్, కాస్త ఇటు వినండి. జనవరిలో టోక్యో పక్కన చిబాలో ఆటో సెలూన్ అని కార్ల జాతర జరుగుతుంది. తెలుసా? తెలీదూ? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ మీరు!

కంపెనీల స్టాళ్లుంటాయి, రేసు కార్లుంటాయి, సరే. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆటోమొబైల్ కాలేజీ పిల్లల కార్లు. నరిటాలోని నాట్స్ కాలేజీ పిల్లలైతే ఏటా సొంతంగా కోసి, అతికించి, రంగేసిన బళ్లు తెచ్చి నిలబెడతారు. ఇలాంటి పిల్లల్లో కొందరికి పాత మోడళ్లంటే మహా మోజు. నిన్నమొన్నటి కారుకి తాతలనాటి మొహం తగిలిస్తారు.

పాత కారే కొనుక్కోవచ్చుగా అంటారా? అంటారని తెలుసు! కొనుక్కుంటే చేసే సరదా ఏదీ మరి?

ఇదే పని బతుకుతెరువుగా చేసుకున్న కంపెనీ కూడా ఉందండోయ్. జపాన్‌లోనే, టొయామాలో మిట్సువోకా. 1993లో నిస్సాన్ మార్చ్ అనే బుల్లి కారు తీసుకుని, అచ్చం పాతకాలపు జాగ్వార్ మార్క్ 2 లాంటి మొహం పెట్టి బ్యూట్ అని అమ్మారు. 2018లో మజ్దా ఎంఎక్స్-5ని 1963 నాటి కార్వెట్‌లా మార్చి రాక్‌స్టార్ అన్నారు. చేసినవి 200 మాత్రమే. ఎంత ముద్దొస్తాయో!

ఇందులో తిప్పలు కూడా రుచిగానే ఉంటాయి. మామూలుగా టాపు, తలుపులు, ముందు అద్దం జోలికి పోరు. ముక్కూ తోకా మార్చేస్తారు. అక్కడే వచ్చింది చిక్కు. పాత కార్ల అద్దం నిటారుగా ఉండేది, ఇప్పటివి వెనక్కి వాలి ఉంటాయి. ఇప్పటి బానెట్లూ ఎత్తే. మనిషిని గుద్దితే తల నేరుగా ఇంజన్‌కి తగలకుండా కింద ఖాళీ ఉండాలి కదా. అంత ఎత్తు మొహానికి గుండ్రటి లైట్లు ఎక్కడ పెడితే అందం? అంగుళం అటూ ఇటూ అయితే కారు బిత్తరచూపులు చూస్తుంది.

ఇక లప్పం పని! మీ వీధి టింకరింగ్ షెడ్డులో చూసే ఉంటారు. ఫైబర్ ముక్క అతికించాక లప్పం పూస్తారు. ఆరాక నీళ్లు చల్లుతూ ఎమరీ పేపర్‌తో రుద్దుతారు. రుద్దడం, అరచేత్తో తడమడం, మళ్లీ రుద్దడం. కంటికి కనబడని గుంట చేతికి దొరికిపోతుంది. రంగు పడ్డాక ట్యూబ్‌లైటు నీడ అందులో తిన్నగా గీతలా పడాలి. వంకర తిరిగిందా, మళ్లీ మొదటికే. ఇరవయ్యేళ్ల వాళ్లకి ఇంత ఓపిక నేర్పే చదువంటే నాకు భలే ఇష్టం.

ఆగండాగండి, అంబాసిడర్ మొహం పెడదామని మీ స్విఫ్ట్ కారు వంక అలా చూడకండి! అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, బెంగ నాకూ ఉంది. కానీ కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019లో మన సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆర్టీవో ఆఫీసులో అడక్కుండా రంపం పట్టకండి.

ఈలోగా ఆ పిల్లల కార్ల ఫొటోలు చూడండి. మొహం వదిలేసి ముందు అద్దం వాలు, తలుపుల గీత చూడండి. లోపలున్నది ఏ కారో కనిపెట్టి నాకు చెప్పాలి, సరేనా?